పదిహేడేళ్ళ అనుభవం ఉన్నా మళ్ళీ క్లాసులా?

ప్రశ్న: నేను సైకాలజిస్టుని. ప్రాక్టీసు మొదలుపెట్టి పదిహేడేళ్ళయింది. లైసెన్సు రెన్యువల్ చేయాలంటే ఇన్ని గంటల శిక్షణ అయినట్టు సర్టిఫికెట్లు చూపించాల్సిందే. అపాయింట్‌మెంట్లు మానుకుని వెళ్తే అక్కడ స్లైడ్లు చదివి వినిపిస్తారు. నాకు నా దగ్గరికొచ్చే మనుషులే రోజూ పాఠాలు నేర్పుతున్నారు. ఈ నిర్బంధం దేనికండీ?

జవాబు: స్లైడ్ల సంగతి మీరన్నది నిజమేనండీ. తూతూమంత్రంగా జరిగే క్లాసుల్లో నేనూ చాలా గంటలు కూర్చున్నాను. అలాంటివి పెట్టేవాళ్ళని గట్టిగా అడగాల్సిందే. కానీ మీ చివరి మాట ఒప్పుకోలేను. మనం బాగా చేసినప్పుడు మనుషులు చెబుతారు. పొరపాటు చేస్తే ఏమీ అనరు, రావడం మానేస్తారు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, రోడ్డు ప్రమాదం నుంచి బయటపడ్డ ఒకాయన మర్నాడే నా దగ్గరికొచ్చారు. నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం జరిగిందంతా మొదటి నుంచీ చెప్పించాను. ఆయన చొక్కా చేతి గుండీని తిప్పుతూనే ఉన్నారు. మధ్యలో అది ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని నా బల్ల మీద పెట్టి ‘ఇక చాలండీ’ అన్నారు. నేను ‘ఇంకొంచెమే’ అన్నాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. తేలికపడ్డారు కాబోలు అనుకుని ఆ ఫైలు మూసేశాను.

చాలా ఏళ్ళకి, గంటల కోసమే వెళ్ళిన ఒక క్లాసులో ఆ పద్ధతి గురించే చెప్పారు. ఒక్క సిటింగులో అంతా చెప్పించేస్తే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత) రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదనీ, కొందరికి కీడే జరగొచ్చనీ, వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్షలో తేల్చింది. జరిగింది చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 గైడు కూడా అంటుంది. ఆ గదిలో నాకు గుండీ గుర్తొచ్చింది. నిర్బంధమే లేకపోతే నేను ఆ క్లాసుకి వెళ్ళేదాన్ని కాదు.

మీ చదువు అయ్యాక వచ్చిన మార్పులే చూడండి. ఆస్పర్జర్ అని మీరు విడిగా చదివినదాన్ని 2013లో డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి వాడే అమెరికన్ పుస్తకం) ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేసింది. అదే పుస్తకం 2022 సవరణలో, ఆత్మీయులు పోయాక ఎంతకాలమైనా తగ్గని దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. పెద్దవాళ్ళ విషయంలో ఏడాది గడిచాకే ఆ మాట అనాలి. ఎదుట కూర్చున్న మనిషి ఇవేవీ మీకు చెప్పలేరు కదా.

గంటల లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కాలిఫోర్నియాలో రెండేళ్ళకి 36. ఆస్ట్రేలియాలో ఏడాదికి 30, వాటిలో కనీసం 10 గంటలు తోటి సైకాలజిస్టుల ముందు మన పని గురించే మాట్లాడాలి. ఈ రెండోది నాకు చాలా నచ్చిన నియమం. మీ దగ్గర అలాంటి నియమం లేకపోయినా, నమ్మకమున్న ముగ్గురు నలుగురితో నెలకోసారి కూర్చోండి. బాగా కుదిరిన కేసు తీసుకెళ్ళొద్దు. రెండో సిటింగుకి రాని వాళ్ళ ఫైలు ఒకటి తీయండి. పేరు, ఊరు, ఆనవాళ్ళు తీసేసి, ఆ రోజు మీరు ఏమన్నారో, వాళ్ళు ఏమన్నారో గుర్తున్నంత వరకూ చదివి వినిపించండి. వింటున్న మీ తోటివాళ్ళు ఆపమన్న చోట ఆగి, సంజాయిషీ ఇచ్చుకోకుండా వినండి.