శుద్ధి చేసిన మురుగునీరు: జనాన్ని ఎందుకు అడగాలి?

విజయవాడలో శుద్ధి చేసిన మురుగునీటిని ఏం చేయాలో ఇంజనీర్లు తేల్చొచ్చు కదా, జనాన్ని అడగడం దేనికి అన్నది ప్రశ్న.

లెక్కలు ఇంజనీర్లవే. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇస్తే సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని అంచనా వేస్తారు. పైపులైన్లను 30 ఏళ్లకు సరిపడేలా డిజైన్ చేస్తారు. అంటే ఇవాళ్టి తప్పును మన పిల్లలు మోయాలి.

కానీ ఎంత శుద్ధి చేయాలన్నది ఆ నీళ్లు దేనికి వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. పార్కు చెట్లకు పెట్టేది వేరు, పచ్చిగా తినే కూరగాయలకు పెట్టేది వేరు. రెండోదానికి క్రిములను బాగా తొలగించాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ నీళ్లు వదిలే కాలువ దిగువన ఏం పండిస్తున్నారో రైతును అడగకుండా ఆ ఖర్చు ఎలా తేలుస్తాం? వానకు ఏ మ్యాన్‌హోల్ ముందు పొంగుతుందో కూడా ఆ వీధివాళ్లకే తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నగరాన్ని ముంచినప్పుడు నీళ్లు ఏ సందులోంచి వచ్చాయో సింగ్ నగర్‌వాళ్లు వేలుపెట్టి చూపిస్తారు.

టెండర్లు అయ్యాక పెట్టే మీటింగు వల్ల లాభం లేదు. శుద్ధి ప్లాంటుకు స్థలం ఎంచుకోకముందే వార్డు సచివాలయంలో జనంతో కూర్చోవాలి. ప్లాంటు నడిచినన్నాళ్లూ నీటి పరీక్ష ఫలితాలను గేటు దగ్గర తెలుగులో పెట్టాలి.