గుణదలకి నడిచి వస్తానని మొక్కుకున్నాను, ఆయన వద్దంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 47. మా అమ్మాయి కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే ఒంగోలు దగ్గరున్న మా పుట్టింటి ఊరి నుంచి విజయవాడలోని గుణదల మేరీమాత కొండకి నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఫిబ్రవరి తిరునాళ్ళకి అక్కడి విచారణ (చర్చి పరిధి) నుంచి ఒక బృందం వారం రోజులు పల్లెల మీదుగా నడుస్తోంది. మా వారు ససేమిరా అంటున్నారు. ‘మొక్కేటప్పుడు నన్నడిగావా?’ అంటారు. నాకు షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నాను. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు. మొక్కు తీర్చకపోతే పిల్లకి కీడని మా అమ్మ భయపెడుతోంది. పుట్టింటికని చెప్పి నడకలో కలిసిపోదామా అనిపిస్తోంది. ఇంకా రెండు నెలలుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పుట్టింటికని చెప్పి వెళ్ళే ఆలోచన ఈ రోజే మానుకోండి. షుగర్ మాత్ర వేసుకుని నడిచే మనిషి దారిలో కళ్ళు తిరిగి పడితే మొదటి ఫోను మీ వారికే వెళ్తుంది. మీరెక్కడున్నారో, ఏ మాత్ర వేసుకున్నారో ఆయనకి తెలిసి తీరాలి.

మీ అమ్మగారి భయం చాలా ఇళ్ళలో ఉన్నదే. కానీ అది శ్రీసభ (కతోలిక చర్చి) బోధ కాదు. 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టం 1193వ సూత్రం ప్రకారం మొక్కు బాధ్యత మొక్కుకున్నవారిదే. మీ అమ్మాయి మీదగానీ పసిబిడ్డ మీదగానీ అది పడదు. 1196వ సూత్రం ప్రకారం, న్యాయమైన కారణం ఉంటే మీ విచారణ గురువులు (ఫాదర్ గారు) మిమ్మల్ని ఆ మొక్కు నుంచి విడుదల చేయగలరు. 1197వ సూత్రం ఇంకా మేలు: మొక్కుని దానికి సమానమైన లేదా అంతకన్నా మంచి పనిగా మీరే మార్చుకోవచ్చు. తక్కువ పనిగా మార్చుకోవాలంటే మాత్రం గురువులు మార్చి ఇవ్వాలి. అంటే ఏడు రోజులు నడవలేని పరిస్థితి వస్తే, ఫాదర్ గారు మార్చి ఇస్తే, గుంటూరు నుంచి గుణదలకి రెండు మూడు రోజుల్లో నడిచినా మొక్కు తీరుతుంది. ఈ వారమే వెళ్ళి ఫాదర్ గారితో మాట్లాడండి. క్రిస్మస్ పనులు మొదలైతే ఆయనకి తీరిక దొరకదు. వేరే దారి ఉందని తెలిస్తే ఇంట్లో మీ మాటలో పంతం కూడా తగ్గుతుంది.

ఇక మీ వారు. ‘నన్నడిగావా’ అన్న మాటని నేను అధికారంగా చూడటం లేదు. ఆ రోజు ఆయన కూడా తండ్రిగా భయపడే ఉంటారు. బిడ్డ కోసం చేసిన ప్రార్థనలో తనకి చోటు లేకపోయిందన్న నొప్పి అందులో ఉండొచ్చు. ‘అడగాల్సిందండీ, ఆ గాభరాలో తోచలేదు’ అని ఒక్క మాట అనండి. వెంటనే అనుమతి గురించి ఎత్తకండి, ఒకటి రెండు రోజులు ఆగండి. తర్వాత కాగితం మీద రాసి చూపించండి: ఏ రాత్రి ఏ ఊళ్ళో బస, ఆడవాళ్ళు పడుకునేది గుడి హాల్లోనా బడిలోనా, తలుపుకి గడియ ఉందా, వెంట వచ్చే బండి ఎవరిది, బృందం పెద్ద ఫోన్ నంబరు. ఇవి చెప్పలేని బృందంతో అసలు వెళ్ళొద్దు. చివరి రోజు మంగళగిరి నుంచి తోడు రమ్మని ఆయన్ని పిలవండి. కృష్ణ వారధి దాటి కొండ దాకా కలిసి నడిస్తే ఆ మొక్కులో ఆయనకీ చోటు దొరుకుతుంది. రానంటే బలవంతం చేయకండి.

అత్తగారి విషయంలో ‘ఎవరో ఒకరు చూసుకుంటారు’ అన్న మాట పనికిరాదు. మంచంలో ఉన్న మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. స్నానం, బట్టలు మార్చడం కొడుకు చేతుల్లో ఆవిడకి ఇబ్బంది. ఆడపడుచుని అడగండి, కుదరకపోతే ఆయాని పెట్టండి. అత్తగారి ఎదుటే ఈ మాటలు జరగాలి. మీరు నడక సాధన చేసే రెండు రోజులు వాళ్ళకే పని అప్పగించి చూస్తే, ఎక్కడ కుదరదో ముందే తెలిసిపోతుంది.

నాకు అసలు దిగులు మీ షుగర్ గురించే. గ్లిమిపిరైడ్ మీద ఉన్నవాళ్ళు రోజూ 20 కిలోమీటర్లు నడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ఆ వారానికి మోతాదు తగ్గించాలేమో డాక్టరే చెప్పాలి, మీరుగా మానేయకండి. అరికాళ్ళలో స్పర్శ కూడా పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గిందని తేలితే వారం నడక వద్దు, ఫాదర్ గారిని అడిగి మొక్కు మార్పించుకోండి. వెళ్తే షుగర్ చూసుకునే మీటరు వెంట ఉండాలి. బయల్దేరే ముందు 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని కదలండి. వణుకు, చెమట, తికమక మొదలై 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి. పగటి నడక వల్ల రాత్రి నిద్రలోనూ షుగర్ పడిపోవచ్చు, అందుకే పక్కన పడుకునే ఆవిడకి ఈ సంగతి చెప్పి ఉంచండి.

మొక్కు కదా అని వట్టి కాళ్ళతో నడిచేవాళ్ళని చూసి మీరు చెప్పులు వదలకండి. షుగర్ ఉన్నవాళ్ళకి బొబ్బ చితికితే పుండే. అరసైజు పెద్ద బూట్లు ఇప్పుడే కొని సాధన వాటితోనే చేయండి, కొత్త బూట్లు దారిలో కరుస్తాయి. మేజోళ్ళు తడిస్తే మార్చాలి. చర్మం ఎర్రబడి మంటగా ఉందనిపించగానే ఆగి టేపు వేయాలి, బసకి చేరాక చూద్దాంలే అంటే అప్పటికే నీరు పడుతుంది. రాత్రిళ్ళు అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి. చీరకన్నా చుడీదారు నయం, తొడలు ఒరుసుకోవు.

సాధన రోజుకి మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారం వారం కాస్త పెంచండి. జనవరి మూడో వారానికి వరసగా రెండు రోజులు 15 కిలోమీటర్ల చొప్పున నడవాలి. రెండో రోజు పొద్దున మడమగానీ మోకాలుగానీ పట్టేస్తే మీ కాళ్ళు ఏడు రోజులకి సిద్ధంగా లేవన్నమాట. అప్పుడు చిన్న నడకే చేయండి, మాత చిన్నబుచ్చుకోదు.

దారిలో ఆడవాళ్ళు తరచూ చేసే పొరపాటు, మరుగు దొరకదని నీళ్ళు తాగకపోవడం. మూడో రోజుకి మూత్రంలో మంట, జ్వరం, నడక ఆగిపోతుంది. పొద్దున నాలుగింటికి బయల్దేరి పదింటికల్లా ఆగి, సాయంత్రం మళ్ళీ నడిచే బృందమైతే ఎండ బాధ తక్కువ. ఆ చీకట్లో మంచు కూడా పడుతుంది కాబట్టి బండి లైట్లకి మెరిసే రిఫ్లెక్టర్ కోటు తప్పనిసరి, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి కుడి పక్కన నడవాలి. మన వైపు ఫిబ్రవరిలో మిరప కల్లాలు రోడ్డు దాకా ఉంటాయి. ఘాటుకి దగ్గు తెరలు వస్తాయి, మాస్కు పెట్టుకోండి. వీపున మందులు, నీళ్ళు, తువ్వాలు చాలు, మిగతా సామాను బండిలో వేయండి.

తిరునాళ్ళు 9, 10, 11 తేదీల్లో. ఆ జనంలో విడిపోతే ఎక్కడ కలవాలో మీ వారితో ముందే అనుకోండి. కొండ మీది సిలువ దాకా మెట్లు ఎక్కడం చేరిన పూటే పెట్టుకోకండి, అలిసిన మోకాళ్ళు దిగేటప్పుడు దెబ్బతింటాయి. డాక్టరు మాత్రల మోతాదు తగ్గించి ఉంటే, నడక ఆగాక ఎప్పటి నుంచి పాత మోతాదు వేసుకోవాలో వెళ్ళే ముందే రాయించుకోండి, లేకపోతే ఇంటికొచ్చిన వారంలో షుగర్ పెరిగి కూర్చుంటుంది.