నలభై పేజీల్లో రెండే కనిపిస్తుంటే తప్పు ఎక్కడ?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. మాది గాజువాక. సాయంత్రాలు ద్వారకానగర్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో పని చేస్తున్నాను. ఒక ట్రావెల్స్ వాళ్ల వెబ్‌సైట్‌కి ‘గాజువాక నుంచి అరకు కారు’, ‘మధురవాడ నుంచి అరకు కారు’ అంటూ ఏరియా పేర్లు మార్చి 40 పేజీలు పెట్టాను. రెండు నెలలైనా గూగుల్‌లో రెండే కనిపిస్తున్నాయి. డూప్లికేట్ కంటెంట్ వల్ల పెనాల్టీ పడిందని, తప్పు నాదేనని సార్ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ ఫీల్డ్ వదిలేసి బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవ్వమంటారా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు ఒక పని చేయండమ్మా. ఆ సైట్ సెర్చ్ కన్సోల్ (సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో యజమానులకు చూపే గూగుల్ టూల్) తెరిచి ‘మాన్యువల్ యాక్షన్స్’ అన్న పేజీ చూడండి. గూగుల్ సిబ్బంది పరిశీలించి చర్య తీసుకుని ఉంటే అక్కడ రాసి ఉంటుంది. సమస్యలేవీ లేవని ఉంటే, మీ సార్ అనే అర్థంలో పెనాల్టీ పడనట్టే.

మరి మిగతా 38 ఏమయ్యాయి? ఒకే సమాచారం చాలా పేజీల్లో కనిపిస్తే గూగుల్ వాటన్నిటినీ ఒక గుంపు కట్టి, ఒకదాన్ని అసలు పేజీగా ఎంచుకుంటుంది. దాన్నే కనానికల్ అంటారు. వెతికేవాళ్లకు ఎక్కువగా అదే చూపించి, మిగతావి పక్కన పెడుతుంది. మంచి సైట్లలోనూ ఇది రోజూ జరిగేదే. వాట్సాప్‌లో పంపిన లింకు చివర ట్రాకింగ్ కోసం ఏవో అక్షరాలు తగిలిస్తాం కదా, మనకు అదే పేజీ, గూగుల్‌కు మాత్రం ఇంకో చిరునామా. ఇలాంటి గందరగోళం తీర్చడానికే 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి కనానికల్ ట్యాగ్ (‘అసలు పేజీ ఇదీ’ అని పేజీ కోడ్‌లో రాసే గుర్తు) తెచ్చాయి. అయితే అది మనం ఇచ్చే సూచన మాత్రమే. గూగుల్ దాన్ని కాదని వేరే పేజీని ఎంచుకోవచ్చు కూడా.

మీ విషయంలో ఏం జరిగిందో కళ్లారా చూడొచ్చు. సెర్చ్ కన్సోల్‌లోనే ‘యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్’లో మధురవాడ పేజీ చిరునామా వేయండి. మీరు చెప్పిన కనానికల్ ఒక వరుసలో, గూగుల్ ఎంచుకున్నది ఇంకో వరుసలో ఉంటాయి. రెండో వరుసలో గాజువాక పేజీ కనిపిస్తే ఆ రెంటినీ గూగుల్ ఒకటిగానే లెక్కేసిందన్నమాట.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చిరునామాలు పొరపాటున రెండు కావడం వేరు, ఏరియా పేరు మార్చి 40 పేజీలు కావాలని పెట్టడం వేరు. రెండోదాన్ని గూగుల్ స్పామ్ నిబంధనల్లో ‘డోర్‌వే’ పేజీలంటారు, అంటే ఒకే చోటికి రప్పించడానికి పెట్టే గుమ్మాల్లాంటి పేజీలు. దానికి ర్యాంకు తగ్గొచ్చు. మాన్యువల్ యాక్షన్ ఏమీ కనిపించకపోయినా తగ్గొచ్చు. కాబట్టి వాటిని అలాగే ఉంచకండి.

మీరు పంపిన పేజీ చదివాను. బొర్రా గుహలు ‘విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో’ ఉన్నాయని రాశారు. 2022 ఏప్రిల్ 4 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఎక్కడో పాత పేజీ నుంచి ఎత్తి తెచ్చారని ఆ ఒక్క వాక్యమే చెప్పేస్తోంది. నాకు బాధనిపించింది. మీరు గాజువాక అమ్మాయి, ఆ దారి మీకు తెలిసిందే కదా! గాజువాక నుంచి బయల్దేరిన బండి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా పెందుర్తి చేరుతుంది, మధురవాడ బండి ఆనందపురం మీదుగా వస్తుంది. ఆ తర్వాత ఇద్దరికీ కొత్తవలస, ఎస్.కోట, ఘాట్ రోడ్డు ఒకటే. అంటే నిజంగా కావాల్సింది ఒకే ఒక్క మంచి పేజీ. ఏ ఏరియాలో ఎక్కితే ఎటు నుంచి వెళ్తారో, పికప్‌కి ఎంత అదనమో అందులోనే రాయండి. ఘాట్‌లో పిల్లలకు వాంతులైతే బండి ఎక్కడ ఆపుతారు, బొర్రా దగ్గర ఎంతసేపు ఆగుతారు అని ఆ ట్రావెల్స్ డ్రైవర్‌నే అడిగి రాయండి. అవి ఇంకెవరి సైట్‌లోనూ దొరకవు. పాత పేజీల చిరునామాలను, శాశ్వతంగా వేరే పేజీకి పంపే 301 రీడైరెక్ట్‌తో ఈ కొత్త పేజీకి మళ్లించండి. వాటిని, గూగుల్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌తో బ్లాక్ మాత్రం చేయకండి. బ్లాక్ చేస్తే గూగుల్ ఆ పేజీలు తెరవలేదు, మళ్లింపు కూడా దానికి కనపడదు.

ఫలితానికి కొన్ని వారాలు పట్టొచ్చు. మార్చే ముందు, మార్చిన తర్వాత సెర్చ్ కన్సోల్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఎస్‌ఈఓ (సైట్‌ను సెర్చ్‌లో పైకి తెచ్చే పని) ఉద్యోగాల ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే వాటికే నేను ఎక్కువ విలువిస్తాను. ‘పెనాల్టీ తీసేస్తాం, మొదటి ర్యాంకు గ్యారంటీ’ అనే కోర్సులకు ఫీజు కట్టకండి. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. సెర్చ్ కన్సోల్, సైట్లు నడిపేవాళ్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ సెంట్రల్ పాఠాలు రెండూ ఉచితమే.

బ్యాంకు ఉద్యోగం మీద ఇష్టముంటే తప్పకుండా రాయండి. ఈ 40 పేజీలకు భయపడి మాత్రం వద్దు. పేర్లు మార్చి పేజీలు పెట్టమన్నది ఆఫీసే అయితే తప్పంతా మీ ఒక్కరిదే ఎలా అవుతుంది? మాన్యువల్ యాక్షన్స్ పేజీలో ఏమీ లేకపోతే సార్ దగ్గరకు ఆ యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ స్క్రీన్‌షాట్‌తో వెళ్లండి. ‘పెనాల్టీ కాదు సార్, ఈ పేజీలన్నిటినీ ఒకటి చేద్దాం, వారం టైమివ్వండి’ అని అడగండి.