ప్రతిదానికీ ‘కోపమొచ్చింది’ అనే నాలుగేళ్ళ పాపకి మనసులో మాట చెప్పడం ఎలా నేర్పాలి?

తమ్ముడు పుట్టినప్పటి నుంచి మీ పాప ప్రతిదానికీ ‘కోపమొచ్చింది’ అంటోందని, ఏమైందని అడిగితే చెప్పలేకపోతోందని రాశారు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా దగ్గరికొచ్చేది మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు కాబట్టి ఇలాంటివి రోజూ చూస్తుంటాను.

ఈ వయసు పిల్లలకి కోపం, ఏడుపు, సంతోషం త్వరగానే తెలుస్తాయి. బెంగ, కుళ్ళు, ఉక్రోషం లాంటివి లోపల ఉన్నా, ఎవరైనా పేరు చెప్తే తప్ప తెలియవు. అందాకా అన్నీ కోపంగానో, కడుపునొప్పిగానో బయటికొస్తాయి.

మా సెంటర్‌లో ఒక బాబు సోమవారం వచ్చిందంటే చాలు, కడుపునొప్పి అనేవాడు. జ్వరం లేదు, తిండి మామూలుగానే తినేవాడు. వాళ్ళ నాన్న సిటీలో పని చేస్తాడు. ఆదివారం ఇంటికొచ్చి, సోమవారం తెల్లవారుజామునే వెళ్ళిపోతాడు. ఒకరోజు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, పొట్ట మీద చెయ్యేసి, ‘నాన్న వెళ్ళిపోయాడని బెంగగా ఉందా కన్నా?’ అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. కాసేపాగి, ‘భయం. నాన్న బస్సు పడిపోతే?’ అన్నాడు. బోల్తా పడ్డ బస్సుని టీవీలో చూశాడట. ఆ తర్వాత నుంచి వాళ్ళమ్మ సోమవారం పొద్దున్నే నాన్నతో ఫోన్లో మాట్లాడించి పంపేది. నొప్పి మాట క్రమంగా తగ్గింది.

అందుకే చెప్తున్నా, ‘నీకు తమ్ముడంటే కుళ్ళు’ అని మీరే తేల్చేయకండి. ‘అమ్మ తమ్ముడినే ఎత్తుకుంటోందని బాధగా ఉందా?’ అని అడిగి ఆగండి. కాదంటే కాదననివ్వండి. అలా కాదనడానికైనా తను ఒకసారి లోపలికి చూసుకోవాలి కదా.

నేల మీద పడి దొర్లుతున్నప్పుడు మాత్రం పాఠాలు వద్దు, దగ్గర కూర్చుంటే చాలు. పేర్లు నేర్పేది జడ వేసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు. కుందేలు నిద్ర లేచేసరికి తాబేలు గెలిచేసింది, కుందేలుకి ఎలా అనిపించి ఉంటుంది? మా పిల్లల్లో ఒకరు ‘సిగ్గేసింది’ అంటారు, ఇంకొకరు ‘తాబేలుని కొట్టాలనిపించింది’ అంటారు. రెండూ మంచి జవాబులే. కొట్టాలనిపించడం వేరు, కొట్టడం వేరు. మీ పాప తమ్ముడి మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకుని, ‘కోపమొచ్చింది, నాకు తెలుసు. కొట్టనివ్వను’ అనండి.

మీ సంగతి కూడా పైకి చెప్తుండండి: ‘పాలు పొంగిపోయాయి, చిరాకేస్తోంది, రెండు నిమిషాలు కూర్చుంటా.’ పాప వింటుంది, మీకూ మంచిదే. 2007లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్ళకి కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించి మెదడు స్కాన్ చేసింది. ఆ భావం పేరు చెప్పమన్నప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం కాస్త నెమ్మదించింది.

ఇక చుట్టాల సంగతి. మీ ఇంట్లో ముందు చక్కదిద్దాల్సింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ‘తమ్ముడొచ్చాడుగా, ఇక నీ పని అయిపోయింది, నిన్నెవరూ ఎత్తుకోరు’ అని సరదాకి అంటుంటారు. నాలుగేళ్ళ పిల్ల దాన్ని నిజమని నమ్మేస్తుంది. అత్తగారన్నా, పక్కింటి పిన్నిగారన్నా మర్యాదగానే ఆపండి, అదీ పాప వింటుండగానే. ‘ఏడిస్తే బూచాడికిచ్చేస్తా’ అనే మాట కూడా అంతే. భయపెడితే నోరు మూసుకుంటుంది, లోపలేముందో మనకి ఇంక చెప్పదు.

మళ్ళీ పాలసీసా అడిగినా, పక్క తడిపినా కంగారు పడకండి. తమ్ముడో చెల్లో పుట్టాక చాలామంది పిల్లలు అలా చేస్తారు. తిండి, నిద్ర బాగా తగ్గిపోయి, ఆటలు కూడా మానేసి, వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి.