అమ్మడూ, ముందు ఆ రోజు కుర్చీలు లెక్కపెట్టు

అమ్మడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టావనీ, నవల రాస్తున్నావనీ, అందులో 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దండెత్తిన వారానికే స్టాలిన్ చనిపోతాడనీ, ఆ పీఠం కోసం మిగతావాళ్ళు కొట్టుకుంటారనీ చెప్పింది. ఆమె దిగులు జీతం గురించి. నా దిగులు వేరు. ఇంత పని తెలుగులో తలపెట్టావంటే గర్వంగా ఉంది, ఆ మాట ముందు చెప్పాలి. ఆ వెనకాలే నువ్వు ఎక్కడెక్కడ జారతావో ఒక్కొక్కటే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. జరగని చరిత్ర రాసేవాళ్ళు నేల విడిచి సాము చేస్తారని లోకం అనుకుంటుంది. నువ్వలా చేస్తే నేనూరుకోను.

చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. 1943 జనవరి దాకా ఎర్రసైన్యంలో భుజపట్టీలు లేవు, హోదా గుర్తులన్నీ కాలర్ మీదే. 1946 దాకా మంత్రులు లేరు, ప్రజా కమిసార్లే. జాతీయగీతం ఇంకా ఇంటర్నేషనలే, కొత్తది 1944లో వచ్చింది. ఇళ్ళల్లో రేడియో సెట్లు జూన్ చివరి వారంలోనే జమ చేయించుకున్నారు, జనం వినేది తీగ మీద వచ్చే లౌడ్‌స్పీకర్లలో. పేర్ల స్పెల్లింగు మొదటి రోజే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు. ఒక పేజీలో మొలతోవ్, ఇంకో పేజీలో మోలొటోవ్ అని ఉంటే చదివేవాళ్ళు ఇద్దరనుకుంటారు.

ఇక అసలు పని. మార్చేది ఒక్కటే మార్చు, అదీ చిన్నదే. ఆ క్షణం ముందు వరకూ అన్నీ జరిగింది జరిగినట్టే ఉండాలి. అందుకు జూన్ 29, ఆదివారం రాత్రి కంటే మంచి చోటు నీకు దొరకదు. ముందురోజే మిన్‌స్క్ పోయింది. బెలరూస్‌లో ఉన్న సైన్యాలతో సంబంధం తెగిపోయింది. 29 సాయంత్రం స్టాలిన్ తోటి నాయకులు నలుగురిని వెంటేసుకుని రక్షణ కమిసారియట్‌కు వెళ్ళాడు. ఫోన్ కలవడం లేదు, ఎవరి దళం ఎక్కడుందో చెప్పలేరు, మరి జనరల్ స్టాఫ్ ఉన్నదెందుకని దాని అధిపతి జుకోవ్ మీద విరుచుకుపడ్డాడు. ఆ నలుగురిలో ఒకడైన మికోయాన్ తర్వాత చెప్పిన దాని ప్రకారం జుకోవ్ కన్నీళ్ళతో పక్క గదిలోకి పరుగెత్తాడు, విదేశాంగ కమిసారు మోలొటోవ్ వెనకాలే వెళ్ళి ఐదు పది నిమిషాల తర్వాత అతన్ని లోపలికి తీసుకొచ్చాడు. అక్కణ్ణించి స్టాలిన్ మాస్కో పొలిమేరలో కుంట్సెవో దగ్గరి తన దాచాకు, అంటే తోట ఇంటికి, వెళ్ళిపోయాడు. క్రెమ్లిన్ ఆఫీసులో సందర్శకుల రిజిస్టరు ఉంది చూడు, అందులో 22 నుంచి 28 దాకా ప్రతిరోజూ పేర్లున్నాయి. 29న, 30న ఒక్క పేరూ లేదు. నీ కథకు తలుపు ఆ రెండు ఖాళీ పేజీలే. యుద్ధం మొదలవగానే ఆయన రోజుల తరబడి కుప్పకూలిపోయాడని స్టాలిన్ తర్వాత పగ్గాలు పట్టిన క్రుశ్చేవ్ 1956లో చెప్పిన మాట పట్టుకున్నావంటే ఆదిలోనే హంసపాదు, ఆ రిజిస్టరే నీకు అడ్డం వస్తుంది.

చావు ఎలా రావాలి? హంతకుణ్ణి తేవద్దు. హంతకుడొస్తే వాడి వెనక ఎవరన్న ప్రశ్న నవల మొత్తాన్నీ మింగేస్తుంది. ఆయనకు 62 ఏళ్ళు, వారం రోజులుగా సరిగా నిద్ర లేదు. మెదడులో రక్తనాళం చిట్లడం చాలు.

ఇక్కడే అందరూ చేసే పాత తప్పు ఉంది. దీని గురించి విసుక్కోకుండా విను, ఈ ఉత్తరం రాస్తున్నదే ఇందుకోసం. ఆ తప్పేమిటంటే, స్టాలిన్ నిజంగా చనిపోయిన 1953ను ఎత్తుకొచ్చి 1941లో పెట్టేయడం. అందరికీ తెలిసిన చావు అదొక్కటే కాబట్టి చెయ్యి తనంతట తనే అటు పోతుంది. కాపలావాళ్ళు లోపలికి పోవడానికి భయపడి రాత్రి దాకా గుమ్మం బయటే నిలబడతారు, డాక్టర్లు మర్నాడు పొద్దున గానీ రారు, రహస్య పోలీసుల బేరియా గదిలో పులిలా పచార్లు చేస్తాడు, పార్టీ నాయకుడు మలెంకోవ్ అతని పక్కన నిలబడతాడు, చివరికి క్రుశ్చేవ్ జుకోవ్‌ను పిలిచి బేరియాను పట్టిస్తాడు. ఇందులో ఒక్కటి కూడా 1941 జూన్‌లో నిలవదు.

ఒక్కొక్కరినీ చూడు. క్రుశ్చేవ్ కీవ్‌లో ఉన్నాడు, జర్మన్ ట్యాంకులు అటే వస్తున్నాయి, అతను మాస్కోకు రాలేడు. జుకోవ్ బెర్లిన్ గెలిచిన మార్షల్ కాదింకా. 44 ఏళ్ళ జనరల్ స్టాఫ్ అధిపతి, నిన్ననే అందరి ముందూ చీవాట్లు తిన్నాడు, పశ్చిమ ఫ్రంట్, అంటే అటువైపు సైన్యాల కూటమి, ముక్కలవుతోంది. ఏ ట్యాంకులు తెచ్చి క్రెమ్లిన్ చుట్టూ పెడతాడు? ఉన్నవన్నీ పడమటికి పోతున్నాయి. బేరియా సంగతి ఇంకా జాగ్రత్తగా చూడు. అతనప్పటికి పార్టీని నడిపే పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యుడు కాదు, ఓటు లేని అభ్యర్థి సభ్యుడు మాత్రమే. 1946లో గానీ పూర్తి సభ్యుడు కాలేదు. పైగా 1941 ఫిబ్రవరిలో అతని చేతిలోని పోలీసు కమిసారియట్ ఎన్‌కెవిడిని రెండు చేశారు. రాజ్య భద్రత వేరే కమిసారియట్‌గా మెర్కులోవ్ కిందికి వెళ్ళింది, జూలై 20న మళ్ళీ కలిపారు. మెర్కులోవ్ బేరియా మనిషే, నిజమే. అయినా జూన్ 30న నాయకుల కాపలాకు ఆజ్ఞ ఇవ్వాలంటే బేరియా ఇంకొకరి చేత ఇప్పించాలి. ఆ ఒక్క మెట్టు మీద ఒక అధ్యాయం నడుస్తుంది. దాన్ని ఎవరూ వాడరు, ఎందుకంటే అందరి కళ్ళ ముందూ 1953 బేరియానే ఉంటాడు.

మరి మాస్కోలో తుపాకులు ఎవరి చేతిలో ఉన్నాయి? ఎన్‌కెవిడి వారి ద్జెర్జిన్‌స్కీ డివిజన్ ఉంది. మాస్కో సైనిక మండలం కమాండరు త్యులెనెవ్ దక్షిణ ఫ్రంట్‌కు వెళ్ళిపోయాడు. అతని స్థానంలో జూన్ 30నే అర్తెమ్యెవ్‌ను వేశారు. అర్తెమ్యెవ్ ఎక్కణ్ణించి వచ్చాడు? ఎన్‌కెవిడి దళాల నుంచి. అంటే ఆ సోమవారం నాడు రాజధానిలో బలం బేరియా వైపు, పార్టీలో హోదా మాత్రం మోలొటోవ్ వైపు. బలమున్నవాడికి ఓటు లేదు, ఓటున్నవాడికి బలం లేదు. నీ కథకు ఇరుసు ఇదే. ఇంకో ఇరుసు వెతక్కు.

ఇప్పుడు కుర్చీలు. ప్రధాన కార్యదర్శి పదవి కోసం కొట్లాట అని రాయకు. 1934 తర్వాత స్టాలిన్ ఆ పేరే వాడలేదు, కార్యదర్శి అనే సంతకం పెట్టేవాడు. ఖాళీ అయ్యే అసలు కుర్చీ ప్రజా కమిసార్ల మండలి అధ్యక్ష పదవి, అంటే ప్రధానమంత్రి లాంటిది. మే నెల ఆరంభంలోనే మోలొటోవ్‌ను దించి దాన్ని తను తీసుకున్నాడు. రక్షణ కమిసారు ఇంకా టిమోషెంకోయే, స్టాలిన్ ఆ పదవిలోకి వచ్చింది జూలై 19న. మండలిలో మొదటి ఉపాధ్యక్షుడు ఎవరు? మోలొటోవ్ కాదమ్మా, వొజ్నెసెన్‌స్కీ. 37 ఏళ్ళవాడు, ఆర్థికవేత్త, పొలిట్‌బ్యూరోలో వట్టి అభ్యర్థి సభ్యుడు. కాగితం మీద వారసుడు అతనే. కానీ దేశం గొంతు గుర్తుపట్టేది మోలొటోవ్‌ను, 22 మధ్యాహ్నం యుద్ధం వచ్చిందని రేడియోలో చెప్పింది ఆయనే. మికోయాన్ రాసుకున్నదాంట్లో వొజ్నెసెన్‌స్కీ స్వయంగా మోలొటోవ్‌తో నువ్వు ముందు నడువు, మేం నీ వెంట వస్తాం అంటాడు. పొలిట్‌బ్యూరో పూర్తి సభ్యులు తొమ్మిదిమంది. ఒకరు పోతే ఎనిమిది. వాళ్ళలో క్రుశ్చేవ్ కీవ్‌లో, ఝ్దానొవ్ లెనిన్‌గ్రాద్‌లో. ఈ లెక్క వేసుకోకుండా ఓటింగు సీను రాయకు.

ఇంకో మాట. 30న నిజంగా జరిగిందేమిటంటే, స్టాలిన్ లేకుండానే వాళ్ళు క్రెమ్లిన్‌లో మోలొటోవ్ గదిలో కూడి, రాజ్య రక్షణ కమిటీ వేయాలని అనుకున్నాక, అప్పుడు దాచాకు వెళ్ళారు. ఆ ఆలోచన బేరియాదని మికోయాన్ చెప్పాడు. ఎందుకొచ్చారని స్టాలిన్ అడిగాడట. అరెస్టు చేస్తారని బెదిరి కుర్చీలో ముడుచుకుపోయాడన్న రంగు మాత్రం జాగ్రత్త, మికోయాన్ జ్ఞాపకాలు అచ్చుకెళ్ళేటప్పుడు కొడుకు చేతి దిద్దుబాట్లు పడ్డాయి. కమిటీలో ఐదుగురు: స్టాలిన్, మోలొటోవ్, వొరషిలోవ్, మలెంకోవ్, బేరియా. నీ నవలలో వాళ్ళ కారు కుంట్సెవో చేరేసరికి స్టాలిన్ ప్రాణాలతో ఉండడు. వచ్చినవాళ్ళ జేబులో ఆ ఐదు పేర్ల కాగితం ఉంటుంది, మొదటి పేరు కొట్టేయాలి. కలం ఎవరు తీస్తారన్నది నువ్వే తేల్చుకోవాలి.

ఫోన్ల సంగతి మర్చిపోకు. నాయకుల మధ్య మాటలకు వెర్తూష్కా ఉండేది, ఆపరేటరు అక్కర్లేకుండా డయల్ తిప్పే క్రెమ్లిన్ ఫోన్. ఫ్రంట్లతో మాట్లాడటానికి వి.చ. అనే హై ఫ్రీక్వెన్సీ లైను. దాన్ని నడిపేది సైన్యం కాదు, ఎన్‌కెవిడి. కీవ్‌కు, లెనిన్‌గ్రాద్‌కు చావు కబురు ఏ గంటకు, ఏ మాటల్లో చేరుతుందో ఆ లైను కాచేవాడి చేతిలో ఉంది. తుపాకీ సీన్లు నాలుగు తీసేసి టెలిఫోన్ సీను ఒకటి బాగా రాయి.

సంభాషణల విషయంలో నీకొక వరం ఉంది. రష్యన్‌లో ఉన్న నువ్వు, మీరు తేడా మన భాషలో అచ్చంగా ఉంది, ఇంగ్లీషులో రాసేవాళ్ళకు లేదు. మోలొటోవ్, వొరషిలోవ్ స్టాలిన్‌ను నువ్వనేవాళ్ళు, పాత రోజుల కోబా అన్న పేరూ పిలిచేవాళ్ళు. బేరియాకూ మలెంకోవ్‌కూ ఆయన మీరే, కామ్రేడ్ స్టాలినే. శవం పక్కన నిలబడి ఎవరు నువ్వు అంటారు, ఎవరు ఇంకా మీరు అంటారు అన్నదాంట్లోనే సగం కథ తెలిసిపోతుంది. గారు మాత్రం తగిలించకు. మాస్కో నుంచి మన ఇళ్ళకొచ్చిన తెలుగు అనువాదాల వాసన వాక్యాలకు పట్టనివ్వకు. అవి చదివే మనమంతా పెరిగాం, ఆ ప్రేమ నాకూ ఉంది, కానీ ఆ వాక్యం అనువాదానిది, నీది కాదు.

పద్ధతి చెబుతాను. ఒక పెద్ద చార్టు తీసుకో, జూన్ 29 నుంచి జూలై 8 దాకా గంటగంటకూ గళ్ళు గీయి. మూడు వరుసలు: మాస్కో, ఫ్రంటు, బయటి దేశాలు. ఫ్రంటు వరుస ముందు నింపు, దాన్ని చాలాకాలం మార్చకు. మాస్కోలో ఎవడు గెలిచినా జూలై మధ్యకల్లా జర్మన్లు స్మొలెన్‌స్క్‌లో ఉంటారు. రైలు పట్టాల వెడల్పు సోవియట్ వైపు 1524 మిల్లీమీటర్లు, జర్మన్లది 1435. ఆ 89 మిల్లీమీటర్లు ఏ వారసుడి మాటా వినవు. అక్టోబరు బురద కూడా అంతే. మారేవి మనుషులు సంతకం పెట్టాల్సినవి మాత్రమే. ఫ్యాక్టరీల తరలింపు చూడే కౌన్సిలు జూన్ 24నే కగనోవిచ్ కింద ఏర్పడింది. ఆ ఏడాది నవంబరు లోపల 1,523 కర్మాగారాలు తూర్పుకు తరలాయని వాళ్ళ లెక్క. ఓటు కోసం కగనోవిచ్‌ను మూడు రోజులు క్రెమ్లిన్‌లో కూర్చోబెడితే రైల్వేలు ఎవరు చూస్తారు? ఆ జాప్యం శీతాకాలంలో ఎక్కడ తేలుతుందో చార్టులో గుర్తుపెట్టు. జూలై 30న అమెరికా అధ్యక్షుడి దూత హాప్కిన్స్ వస్తాడు, రూజ్వెల్ట్‌కు ఏం చెప్పాలో చూసుకోవడానికి. ఆ గదిలో ఎదురుగా కూర్చునేది ఎవరో అప్పటికి తేలిపోయి ఉండాలి.

బేరియా హిట్లర్‌తో సంధికి పోయాడని రాయాలనిపిస్తుంది. బల్గేరియా రాయబారి స్టమెనోవ్ ద్వారా కబురు పంపే ప్రయత్నం గురించి బేరియా కింద గూఢచార అధికారి సుదొప్లాతోవ్ వాంగ్మూలం ఉంది, చూస్తావు. అది 1953లో, బేరియా అరెస్టయ్యాక రాసిచ్చిన కాగితమని గుర్తుపెట్టుకుని చూడు.

నా భయం ఏమిటో చెప్పనా? ఈ గదుల్లో తిరిగీ తిరిగీ నువ్వు ఈ మనుషుల తెలివికి మురిసిపోతావేమోనని. దుర్మార్గుణ్ణి రాయడం సులువు, రక్తి కడతాడు. అందుకే ఒక్క కాగితం నీ బల్ల మీద ఎప్పుడూ ఉంచుకో. పశ్చిమ ఫ్రంట్ కమాండరు పావ్లోవ్‌ను జూలై 4న పట్టుకున్నారు, 22న కాల్చేశారు. అతనితోపాటు స్టాఫ్ అధిపతి క్లిమోవ్‌స్కిఖ్, ఇంకా ఫ్రంట్ సమాచార విభాగాధిపతి గ్రిగోరియెవ్. 29 సాయంత్రం కలవని ఆ ఫోను లైను గ్రిగోరియెవ్ బాధ్యత. పావ్లోవ్ నిర్దోషి అని 1957లో తేల్చారు. నీ నవలలో ఆ మరణశిక్ష కాగితం మోలొటోవ్ ముందుకొస్తుందా, బేరియా ముందుకా, ఎవరూ అడగకుండా ఫైల్లోనే ఉండిపోతుందా? మిగతా నవల ఎలా రాసినా నీ ఇష్టం, ఆ అధ్యాయం మాత్రం ముందు నాకు పంపు. టైపు చేయకపోయినా ఫర్వాలేదు, నీ చేతిరాత నాకు అలవాటే.

రాత్రి పన్నెండు దాటి రాయకు. మీ అమ్మకు రోజూ ఒకసారి ఫోన్ చెయ్యి.

నీ మావయ్య