చిటోసాన్ మెంబ్రేన్ బీమ్ కింద వంకర తిరిగి, నీళ్లు ఆపేస్తే

మీరు రాసినదాన్ని బట్టి: రొయ్య పెంకుల నుంచి తీసే చిటోసాన్ అనే పాలిమర్‌తో గుంటూరులో పోసుకున్న మెంబ్రేన్ (నీళ్లు వడపోసే పల్చటి పొర), దాని మీద వ్యాక్యూమ్‌లో వేసిన అయాన్ బీమ్: 100 కెఇవి (అయాన్ల శక్తి) నైట్రోజన్ అయాన్లు, కరెంట్ చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఆంపియర్, ఫ్లూయెన్స్ (డోసు, అంటే చదరపు సెంటీమీటరు మీద పడే మొత్తం అయాన్లు) 10¹⁵. ముక్కలు వంకర తిరిగి టీ రంగుకొచ్చాయి, నీళ్లు దిగడం లేదు. డోసు తగ్గిస్తే చాలా అని అడిగారు.

చాలదు. నీళ్లు దిగకపోవడంలో బీమ్ కన్నా ఆరబెట్టడం తప్పే ఎక్కువని నా అనుమానం. తడి మెంబ్రేన్‌ని నేరుగా ఆరబెడితే నీటి తలతన్యత రంధ్రాల గోడల్ని దగ్గరకు లాగేస్తుంది. మళ్లీ నానబెట్టినా పూర్తిగా విచ్చుకోవు. గ్లిసరాల్‌తో కాపాడదామంటే అది వ్యాక్యూమ్‌లో ఆవిరై ఛాంబర్‌ని పాడుచేస్తుంది, ఆపరేటర్ చీవాట్లు అదనం. 50 శాతం ఐసోప్రొపనాల్, తర్వాత అచ్చం ఐసోప్రొపనాల్, ఆఖర్న హెక్సేన్: ఒక్కోదాంట్లో గంట ఉంచండి. హెక్సేన్ తలతన్యత నీటిదాంట్లో నాలుగో వంతే. ఫ్యూమ్ హుడ్‌లోనే హెక్సేన్ మొత్తం ఆరిపోయాక 40 డిగ్రీల వ్యాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా పెట్టండి. ఆగస్టు గాలికి చిటోసాన్ మళ్లీ తేమ పీల్చేస్తుంది. బీమ్ టైం ఢిల్లీ ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్)లో దొరికినా ఇంకెక్కడ దొరికినా, సిలికా జెల్ పొట్లం వేసి సీల్ చేసి తీసుకెళ్లండి.

ఇక వంకర. మీ లెక్కన చదరపు సెంటీమీటరుకు 0.1 వాట్ వేడి. చిన్నదే, కానీ వ్యాక్యూమ్‌లో చల్లార్చే గాలి ఉండదు. కరెంట్ 0.1 మైక్రోఆంపియర్‌కి దించండి. 160 సెకన్ల పని 27 నిమిషాలవుతుంది, అంతే. వెనక అల్యూమినియం ప్లేటు పెట్టి, అంచులు కార్బన్ టేపుతో బిగించండి, చార్జ్ పేరుకోకుండా. రంగు మాత్రం వేడి వల్లే కాకపోవచ్చు: 10¹⁵ దగ్గర పై పొర కార్బన్‌గా మారడం మొదలవుతుంది. 10¹³, 10¹⁴ కూడా వేసి చూడండి.

అయాన్లు ఎంత లోతుకు పోతాయో లెక్కగట్టే ఎస్ఆర్ఐఎమ్ (SRIM) ప్రోగ్రాంలో గట్టి ఫిల్మ్ సాంద్రత (1.4) ఇవ్వకండి. 60 శాతం రంధ్రాలుంటే 0.56 ఇవ్వాలి, అయాన్లు రెండున్నర రెట్లు లోతుకు పోతాయి. గట్టి ఫిల్మ్‌లోనైతే అవి అర మైక్రాన్ కూడా దాటవు. ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో రసాయన బంధాలు చూసే పరీక్ష)ని ఉపరితలం మీద చేసే ఏటీఆర్ పద్ధతి మాత్రం ఒకటి రెండు మైక్రాన్ల వరకు, అంటే బీమ్ తగలని కింది పొరని కూడా కలిపి చూస్తుంది కాబట్టి అందులో మార్పు కనిపించలేదంటే బీమ్ పనిచేయలేదని అనుకోకండి.

అన్నిటికన్నా ముందు, ఈసారి ఒక ముక్కని అదే ఛాంబర్‌లో, అంతే సేపు, బీమ్ తగలకుండా మాస్క్ వెనక పెట్టండి. దాంట్లోనూ నీళ్లు దిగకపోతే బీమ్ సెట్టింగుల జోలికి వెళ్లకండి, హెక్సేన్ సీసా దగ్గరకి వెళ్లండి.