పేరా అతికినట్టు రావాలంటే ఎలా రాయాలి?

బెంగళూరులో తెలుగు చదివే పిల్లలు లాల్‌బాగ్ మీద రాసే పేరా, అన్ని సంగతులున్నా ఎందుకు అతకదని అడిగారు. అన్నీ ఉండటమే ఇబ్బంది. పేరాలో చెప్పే విషయం ఒక్కటే ఉండాలి, దాన్ని ముందే ఒక వాక్యంగా రాసుకోవాలి. 'లాల్‌బాగ్ పెద్ద తోట' అంటే కథ అక్కడే ఆగిపోతుంది. 'లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు ఊరంతా కదులుతుంది' అనండి. ఎప్పుడు, ఎక్కడ, ఏముంటుందని చదివేవాళ్లకే తోస్తుంది. తర్వాతి నాలుగైదు వాక్యాలు వాటికి జవాబులే: ఏటా రెండుసార్లు, గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల వేళ, గాజు భవనంలో. తోట మొదలుపెట్టింది హైదర్ అలీ అన్నది నిజమే, కానీ దాని చోటు వేరే పేరాలో.

ఎక్కువగా చెడేది అతుకుల దగ్గర. ప్రతి వాక్యానికీ 'మరియు', 'అలాగే' తగిలిస్తే జాబితాలా ఉంటుంది. ముందు వాక్యంలో మాటనే అందుకోండి: 'పూలన్నీ గాజు భవనంలో పేరుస్తారు. ఆ భవనానికి 1889లో పునాది వేశారు.' చదవగానే సాఫీగా సాగుతుంది కదా! అయితే ఈ రెండో వాక్యం కూడా పూల సంగతికి పనికిరాదనిపిస్తే మొహమాటం లేకుండా కొట్టేయండి. రాశాక ఒక్కో వాక్యాన్నీ వేలితో మూసి, పైకి చదివి చూడండి. లోటు తెలియకపోతే అది అక్కర్లేనిదే.